బొంతలు కుట్టిన వానాకాలం

ఆ వానాకాలమంతా మా ఇంటికి చనిపోయినవాళ్ల బట్టలు వచ్చాయి.

పార్సిళ్లలో, సంచుల్లో, తడిసి మెత్తబడ్డ అట్టపెట్టెల్లో వచ్చాయి. కొన్ని ఉతికి ఇస్త్రీ చేసినవి. కొన్ని ఉతకనివి. వాటికి ముందే "దయచేసి ఉతకకండి" అని మెసేజ్ వచ్చేది. ముందు గదిలో కుట్టు మిషను పక్కన, సోఫా వెనక, మంచం కింద, చివరికి చెప్పుల అర మీద కూడా అవే. మా ఆయన కోల్డ్ స్టోరేజీలో పనిచేసి వేళ్లు కొంకర్లు పోయి ఇంటికొచ్చేవాడు. తువ్వాలు కోసం వెతికి వెతికి, "ఈ ఇంట్లో బతికున్నవాళ్ల బట్టలకి చోటు లేకుండా పోయింది" అనేవాడు. కోపంగా కాదు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి. అప్పట్లో మా ఇంట్లో ఎవరికీ అది మిగిలి లేదు.

నేను బొంతలు కుడతాను. పాత బట్టల్ని ముక్కలుగా కోసి, కలిపి, మధ్యలో పలచటి దుప్పటి పరిచి, కింద అస్తరు వేసి కుడతాను. గంతకు తగ్గ బొంత అని నవ్వుతారు గానీ, బొంత కుట్టడం తేలికైన పనేం కాదు. ఒక చొక్కా సాగుతుంది, ఇంకో చొక్కా సాగదు. రెండింటినీ పక్కపక్కన కూర్చోబెట్టాలంటే సంబంధం కుదిర్చినంత పని. అప్పటిదాకా మా వీధివాళ్లకీ, వాళ్లు చెప్తే పక్క వీధివాళ్లకీ కుట్టేదాన్ని. అంతే నా వ్యాపారం.

ఎండలు ముదురుతున్నప్పుడు మా మామగారు పోయారు. మొదటి వానలతో పాటు మా ఆడపడుచు ఒక సూట్‌కేసుతో దిగింది. సబ్బులకీ, ఫోన్లకీ, తలనూనెలకీ ప్రకటనలు రాసే కంపెనీలో ఉద్యోగం ఆమెది. కంపెనీ మనుషుల్ని తగ్గించిందట, తగ్గినవాళ్లలో ఆమె ఉందట. ఆ మాట గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది, మళ్లీ ఎవరూ అడక్కుండా.

మా మామగారు బస్సు డ్రైవరు. కూతుర్ని ఆయన ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. చిన్నప్పుడు ఆమె ఏడిస్తే వీధి చివర మలుపు దాకా వినిపించేదట. అందుకని "హారన్" అనేవారు. పెద్దయ్యాక కూడా అదే పిలుపు. ఆ హారన్, ఎండల్లో ఆయన పోయినప్పుడు, అంత్యక్రియలు అయిపోయిన మర్నాడు వచ్చింది. వచ్చి వంటిల్లు సర్దింది. బ్యాంకు పనులు చూసింది. ఆయన మందుల సీసాలన్నీ మూటగట్టి ఆసుపత్రికి ఇచ్చి వచ్చింది. కంట నీటి చుక్క లేదు. పలకరింపుకొచ్చిన వాళ్లు "గట్టి పిల్ల" అన్నారు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మా ఆడపడుచు అందులో సగం కూడా కాలేదు గానీ, వచ్చిన కొన్నాళ్లకే నాకు పూర్తి మేనేజరయి కూర్చుంది.

దానికి కారణం గడియారాల తాత. మా వీధి మొదట్లో గడియారాలు బాగుచేస్తాడు. భార్య పోయాక ఆమె బట్టలు ఎవరికైనా ఇచ్చెయ్యమని కొడుకులు పోరుతుంటే, వాటిని నా దగ్గరికి తెచ్చాడు. "ఏదో ఒకటి చెయ్యమ్మా, వీళ్ల నోళ్లు మూతపడాలి" అన్నాడు. బొంత కుట్టాను. తీసుకోవడానికి వచ్చిన రోజు మా ఆడపడుచు ఫోను పట్టుకుని పక్కనే ఉంది.

"తాతగారూ, చివరగా మీతో ఏమన్నారు?" అని అడిగింది.

ఆయన బొంతని ఒళ్లో పెట్టుకుని ఆలోచించాడు.

"కిటికీ వెయ్యి, జల్లు కొడుతోంది, అంది" అన్నాడు. "ఆ రోజు వాన లేదమ్మా. చుక్క లేదు. అయినా లేచి వేశాను."

ఇంతే. ఫోనులో తీసిన ఆ వీడియోని ఆయన అనుమతి తీసుకునే నెట్‌లో పెట్టింది. మర్నాడు పొద్దున్న నేను పళ్లు తోముకుంటుంటే వచ్చి ఫోను నా కళ్ల ముందు ఆడించింది. ఎవరెవరో, ఎక్కడెక్కడివాళ్లో చూశారు. కింద వరసగా ఏడుపు బొమ్మలు. మా అమ్మవి ఉన్నాయి కుడతారా, మా అన్నవి ఉన్నాయి కుడతారా, మా కుక్కపిల్ల స్వెటరు ఉంది కుడతారా.

"వదినా, నువ్వు కుట్టు. మిగతాది నాకొదిలెయ్" అంది. ఆమె మొహంలో అంత వెలుగు అంతకుముందు నేను చూడలేదు. కాదనబుద్ధి కాలేదు.

*

మిగతాది అంటే ఏమిటో నెమ్మదిగా తెలిసింది.

రోజుకొకటి పెట్టాలి. పెట్టకపోతే మనం ఉన్నామన్న సంగతే జనం మర్చిపోతారట. పెట్టేదాంట్లో బొంత ఒక్కటే ఉంటే సరిపోదు. "బొంతని ఎవరు చూస్తారు వదినా? బొంత వెనక మనిషిని చూస్తారు. చివరి మాట ఉంటే ఆగుతారు. లేదంటే వేలితో తోసేసి పోతారు." ఆర్డరు ఇచ్చిన ప్రతివాళ్లనీ అదే అడిగేది, తూకం వేసే కొట్టువాడు "ఇంకేం కావాలండీ" అన్నంత మామూలుగా. చివరగా ఏమన్నారు?

నేను కూడా కనబడాలి. అది నా చావుకొచ్చింది. కిటికీ పక్కన కుర్చీ వేసి, ఫోన్ని స్టాండుకి తగిలించి, ఒక చొక్కా నా చేతిలో పెట్టి కూర్చోబెట్టేది.

"నవ్వు వదినా."

"పోయినవాళ్ల చొక్కా పట్టుకుని నవ్వమంటావేంటి?"

"నవ్వు అంటే నవ్వడం కాదు. మెత్తగా ఉండాలి మొహం."

"మెత్తగా అంటే?"

లోపల్నుంచి మా అత్తగారు కేకేశారు. "పంటినొప్పి తెచ్చుకో అమ్మాయ్, అదే మెత్తగా అవుతుంది."

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు రికార్డయింది. అది పనికిరాదని తీసేసి మళ్లీ తీసింది. మళ్లీ తీస్తుంటే అత్తగారు తడి బట్టల బకెట్టుతో వెనక నుంచి నడిచి వెళ్లారు. మళ్లీ తీస్తుంటే పార్సిలు వాడు తలుపు కొట్టాడు. ఆ పూట కుట్టాల్సిన బొంత ఆ పూట కుట్టలేదు. ఆ సంగతి వీడియోలో ఉండదు కదా.

బయటివాళ్లు "మీ టీంకి అభినందనలు" అని రాసేవారు. మా ఆడపడుచు "మా టీం మీ బొంత మీదే పనిచేస్తోంది" అని జవాబిచ్చేది. టీం అంటే నా రెండు చేతులు. అందులో కుడిచెయ్యి భుజం దగ్గర పట్టేసి, పైకి లేపితే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. అత్తగారు వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టేవారు.

కుట్టడం కంటే వినడం ఎక్కువ అలసట అని నాకు ఆ వానాకాలమే తెలిసింది. బట్టలు పంపినవాళ్లు ఊరికే పంపరు. ఫోన్ చేస్తారు. రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన, భార్య గౌను ముక్కల్లో ఏది ఎక్కడ వేశానో రోజూ ఫొటో అడిగేవాడు. ఆ నీలం పువ్వు మూలకి పోయింది, మధ్యలో ఉండాలి, ఆమె ఎప్పుడూ మూలన కూర్చునే మనిషి కాదు అనేవాడు. కొడుకుని పోగొట్టుకున్న ఒకామె సరిగ్గా నేను అన్నం ముందు కూర్చునే వేళకి చేసేది. ఆమె చెప్పేది, నేను ఊఁ కొట్టేదాన్ని. పెదాల మధ్య సూది పెట్టుకుని ఊఁ, దారం ఎక్కిస్తూ ఊఁ, ముద్ద మింగుతూ ఊఁ. ఆమె పాపం ఏమీ తప్పు చేయలేదు. పెట్టేశాక చూసుకుంటే కంచంలో అన్నం ఎండి ఉండేది. నేను ఒక్కదాన్ని ఇంతమంది దుఃఖాన్ని ఎక్కడ పెట్టుకోను? చెప్పుల అర కూడా నిండిపోయింది.

సాయంత్రం మా ఆయన వచ్చి "ఏంటి విశేషాలు?" అంటే నా దగ్గర మాటలుండేవి కాదు. అన్నీ ఊఁలుగా ఖర్చయిపోయేవి.

"తగ్గించుకోకూడదా?" అన్నాడొకసారి.

"మీ చెల్లెల్ని అడగండి."

ఆయన చెల్లెలి గది వైపు చూశాడు. తలుపు ఓరగా ఉంది. ఫోను వెలుగులో మొహం పెట్టుకుని, ఎవరి అమ్మ గురించో రాస్తోంది. పొద్దున లేవగానే అదే, తింటూ అదే. అన్నం తినమంటే "ఒక్క నిమిషం" అనేది. ఆమెకి ఇది దొరక్కపోతే ఈ వానలు ఎలా గడిపేదో అనిపించింది నాకు. ఆయనకీ అనిపించినట్టుంది.

"పోనీలే" అన్నాడు.

*

కథలు అయిపోతూ వచ్చాయి. బట్టలు వస్తూనే ఉన్నాయి, కానీ అందరూ కథ బయటపెట్టడానికి ఒప్పుకోరు. అలా ఒప్పుకోని వాళ్లలో ఒక టీచరమ్మ ఉంది. ఆమె పార్సిలు పంపలేదు, తనే గొడుగేసుకుని వచ్చింది. సంచిలోంచి చిన్నచిన్న గౌన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఏడేళ్లు దాటని పిల్లవి. "ఇవి నెట్‌లో పెట్టకండి. అదొక్కటే" అంది. చివరి మాట అడగబోయిన మా ఆడపడుచు, ఆమె మొహం చూసి ఆగిపోయింది.

ఆ గౌన్లలో పసుపు రంగుది ఒకటి. దాని జేబు బాతు ఆకారంలో ఉంది. కుట్లు విప్పుతుంటే ఆ జేబులో చాక్ ముక్క ఒకటి దొరికింది. నేను దాన్ని పక్కన పెట్టి, జేబుని అలాగే ఉంచి చుట్టూ కోస్తున్నాను. తల ఎత్తితే మా ఆడపడుచు ఫోను పట్టుకుని నిలబడి ఉంది.

"ఆమె వద్దంది" అన్నాను.

"చేతులే వదినా. నీ చేతులు, కత్తెర. పేరు లేదు, మొహం లేదు. ఎవరికి తెలుస్తుంది? మూడు రోజుల్నుంచి ఏమీ పెట్టలేదు మనం."

నాకు భుజం పీకుతోంది. ఇంకా రెండు గౌన్లు విప్పాలి. కత్తెర కిందికి దించి, మళ్లీ పట్టుకున్నాను.

అది గడియారాల తాత వీడియో కంటే ఎక్కువమంది చూశారు.

టీచరమ్మ ఒక మధ్యాహ్నం వచ్చింది. ఈసారి గొడుగు లేదు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. లోపలికి రమ్మన్నా గడప దాటలేదు.

"మా చెల్లెలు పంపింది నాకు" అంది. "చూడక్కా ఎంత బాగుందో, నువ్వూ ఇలాంటిదొకటి చేయించుకో, అని పంపింది. అది ఎవరి గౌనో దానికి గుర్తు లేదు. పుట్టినరోజుకి తనే కొనిచ్చింది, అయినా గుర్తు లేదు."

మా ఆడపడుచు ముందుకొచ్చింది. "మేడం, నేనే పెట్టాను. వదిన వద్దనే అంది. ఇప్పుడే తీసేస్తాను, మీ ముందే..."

"తీసేస్తే ఏమవుతుందమ్మా? చూసినవాళ్ల కళ్లల్లోంచి తీస్తావా?" గొంతు పెంచలేదు. బాగా అలిసిపోయిన మనిషి మాట్లాడినట్టు మాట్లాడింది. తర్వాత నావైపు తిరిగింది. "కోసేశారా?"

"సగం కోశానండీ."

"సగం చాలు. ఇచ్చెయ్యండి."

కోసినవీ కొయ్యనివీ తెచ్చి ఇచ్చాను. బల్ల కింద పడ్డ పీలికల్ని, దారపు పోగుల్ని కూడా ఏరాను. చాక్ ముక్కని ఆమె అరచేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూసి గుప్పిట మూసుకుంది. మా అత్తగారు ఎప్పుడొచ్చారో, ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు పట్టుకుని నిలబడి ఉన్నారు. టీచరమ్మ చేతిలోంచి ముక్కలు అందుకుని, ఒక్కోదాన్ని మడతపెట్టి అందులో సర్ది, మూతి ముడేశారు.

"తడవకుండా ఉంటుందమ్మా" అన్నారు.

టీచరమ్మ తలూపి వెళ్లిపోయింది. మెట్ల మీద ఆమె తడి పాదాల గుర్తులు చాలాసేపు ఆరలేదు. వానాకాలం కదా, ఏదీ ఆరదు.

ఆ రోజు మా ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. తిట్టుకుని ఉంటే బాగుండేది.

*

మా ఆడపడుచు ఆ వీడియో తీసేసింది. కానీ ఎవరెవరో అప్పటికే తమ పేజీల్లో పెట్టుకున్నారు. రోజూ వెతికి, ఒక్కొక్కళ్లనీ తీసెయ్యమని బతిమాలుతూ కూర్చునేది. కొందరు తీశారు. కొందరు "ఇది మీది కాదు కదా" అన్నారు. అన్నం దగ్గర కూడా మాట్లాడటం మానేసింది.

కొన్నాళ్లకి వచ్చి నా పక్కన కూర్చుంది.

"వదినా, ఇంక బయటివాళ్ల కథలొద్దు."

"హమ్మయ్య."

"మన కథ పెడదాం. నాన్న చొక్కాలున్నాయిగా. నువ్వు కుట్టు, అమ్మ చెప్తుంది. మన ఇంటి సంగతికి మనం ఎవరినీ అడగక్కర్లేదు."

నేను మిషను ఆపేశాను. మామగారి చొక్కాలు అత్తగారి బీరువాలో ఉన్నాయి. వాటిని ఆమె అప్పుడప్పుడూ తీసి, మడత నలిగిందని మళ్లీ ఇస్త్రీ చేసి లోపల పెడతారు. ఆ సంగతి నాకు తెలుసు. కూతురికి తెలుసో లేదో.

"అత్తయ్యని అడిగావా?"

"అడిగాను. ఊఁ అంది."

పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ చెప్పులేసుకుంటున్న మా ఆయన ఇది విన్నాడు. "అమ్మ దేనికైనా ఊఁ అంటుంది" అని, ఇంకేదో అనబోయి, బస్సు వేళవుతోందని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. కిటికీ పక్కన మంచి వెలుతురు. మా ఆడపడుచు కుర్చీ వేసింది, స్టాండు పెట్టింది. అత్తగారు తల దువ్వుకుని, శాలువా కప్పుకుని, చొక్కాల దొంతర రెండు చేతుల మీదా పెట్టుకుని తెచ్చారు. వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కత్తెర, గీతలు గీసే చాక్ పట్టుకుని నేను పక్కన కూర్చున్నాను.

"నాన్న గురించి చెప్పమ్మా."

"ఏం చెప్పను? బస్సు తోలేవాడు."

"ఎలాంటి మనిషి?"

"మనిషిలాంటి మనిషే. చారులో ఉప్పు తక్కువైతే చెప్పేవాడు, ఎక్కువైతే చెప్పేవాడు. సరిపోతే మాత్రం చెప్పేవాడు కాదు."

నాకు నవ్వొచ్చింది. మా ఆడపడుచు నవ్వలేదు. ఫోన్‌లో వెలుతురు సరిచూసుకుంటోంది. "చొక్కా ఒకటి విప్పి చూపించమ్మా. దాని గురించి ఏదైనా."

అత్తగారు పైనున్న గళ్ల చొక్కా విప్పారు. రెండు చేతులూ చాచి పట్టుకున్నారు.

"ఈ చెయ్యి చూడు. వెలిసిపోయింది. ఇది కిటికీ వైపు చెయ్యి. ఎండంతా దీని మీదే పడేది. రెండో చెయ్యి కొత్తదానిలా ఉంది చూడు. అన్నీ ఇంతే. ఏ చొక్కా తీసినా ఇంతే."

"బాగుంది అమ్మా, చాలా బాగుంది." ఆమె ఫోన్ని ఇంకాస్త దగ్గరికి జరిపింది. తర్వాత, గడియారాల తాతని అడిగినట్టే, బ్యాంకు ఆయన్ని అడిగినట్టే, అలవాటు ప్రకారం అడిగేసింది. "చివరగా ఏమన్నాడు నాన్న?"

అత్తగారు చొక్కా చేతిని ఒళ్లో పెట్టుకుని, మణికట్టు దగ్గర ఊడిన దారం పోగుని లాగి తెంపారు.

"హారన్ వచ్చిందా, అన్నాడు."

బయట చూరు నుంచి నీళ్లు పడుతున్నాయి.

"వస్తోంది, దారిలో ఉంది, అన్నాను."

మా ఆడపడుచు ఫోను వెనక నుంచి కదల్లేదు. ఆమె మొహం నాకు కనబడటం లేదు, వేళ్లు మాత్రం కనబడుతున్నాయి. స్టాండుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"నేను అప్పటికి బయల్దేరలేదమ్మా" అంది చివరికి. "ఆఫీసులో ఉన్నాను. ఆ తలనూనె పని అయ్యాక వెళ్దామని... అన్నయ్య ఫోన్ చేస్తే, సాయంత్రం చూస్తానన్నాను."

"తెలుసు" అన్నారు అత్తగారు.

"తెలుసా?"

"తెలియకేం. వాడి పక్కనే ఉన్నాను, వెనక మాటలు వినబడుతున్నాయి కదా ఫోన్లో. ఎవరో నవ్వుతున్నారు."

నేను లేచి వెళ్లి ఫోన్లో ఎర్ర చుక్క నొక్కి ఆపాను. ఎలా ఆపాలో అప్పటికి నేర్చుకున్నాను. మా ఆడపడుచు నేల మీద కూర్చుండిపోయింది. ముందు చప్పుడు రాలేదు. తర్వాత వచ్చింది. వీధి చివర మలుపు దాకా వినిపించేదని మామగారు ఎందుకనేవారో అప్పుడు తెలిసింది నాకు. పక్కింటివాళ్లు కిటికీలోంచి తొంగి చూశారు. నేను తలుపు వేశాను.

అత్తగారు కుర్చీలోంచి లేవలేదు. కూతురి తల తన మోకాలికి ఆనించుకుని, జుట్టులోకి వేళ్లు పోనిచ్చి కూర్చున్నారు. చాలాసేపటికి, "ఇంకా ఏమైనా అడగాలా, అయిపోయిందా?" అన్నారు. "అయిపోతే మొహం కడుక్కో. టీ పెడతాను."

చొక్కాలు కొయ్యలేదు. అత్తగారు కొయ్యొద్దనీ అనలేదు, కొయ్యమనీ అనలేదు. టీ తాగాక వాటిని తీసుకెళ్లి బీరువాలో పెట్టుకున్నారు.

*

తర్వాత మా ఆడపడుచు చేసిన పని ఏ కంపెనీవాళ్లూ చేయరు. పేజీలో ఉన్న చివరి మాటల వీడియోలన్నీ ఒక్కొక్కటే తీసేసింది. తీసే ముందు వాళ్లకి ఫోన్ చేసి చెప్పింది. గడియారాల తాత ఒక్కడే ఒప్పుకోలేదు. "నాది ఉంచమ్మా. నా కొడుకులు అప్పుడప్పుడూ చూస్తున్నారు, మంచిదే" అన్నాడు. అది ఉంచింది. టీచరమ్మ ఇంటికి వెళ్లింది. ఆమె తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదట. గుమ్మం బయటే నిలబడి చెప్పాల్సింది చెప్పి వచ్చింది. ఏం చెప్పిందో నేనడగలేదు.

చూసేవాళ్లు తగ్గిపోయారు. చెరువు గట్టు తెగినట్టు ఎలా వచ్చారో అలాగే పోయారు. ఆర్డర్లూ తగ్గాయి. ఉన్న బొంతలు పూర్తిచేసి పంపుతుంటే ఇల్లు కొద్దికొద్దిగా మళ్లీ కనబడటం మొదలుపెట్టింది. ముందు సోఫా వెనక గోడ, తర్వాత చెప్పుల అర. మా ఆయనకి ఒకరోజు వెతకకుండానే తువ్వాలు దొరికింది. దాన్ని పట్టుకుని కాసేపు అలా నిలబడ్డాడు.

వానలు వెనకబడుతుండగా మా ఆడపడుచుకి వేరే ఊళ్లో ఉద్యోగం దొరికింది. ఈసారి ప్రకటనలు కాదు, పిల్లల పాఠ్యపుస్తకాలు వేసే చోట. వెళ్లే ముందు నన్ను కూర్చోబెట్టి, పేజీలో ఫొటో ఎలా పెట్టాలో, మెసేజ్‌కి జవాబు ఎలా ఇవ్వాలో నేర్పింది. పైన పెట్టడానికి ఒక మాట రాసిచ్చింది. "కథ చెప్పనక్కర్లేదు. బట్టలు పంపితే చాలు."

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతకంటే పొట్టిగా నేనెప్పుడూ రాయలేదు వదినా."

"రోజుకొకటి పెట్టాలా?"

"వద్దు. నీ ఓపిక. నెలకొకటి పెట్టు. అసలు పెట్టకపోయినా కావాల్సినవాళ్లు వెతుక్కుంటూ వస్తారు." ఇలా మాట్లాడే మనిషికి ప్రకటనల కంపెనీలో మళ్లీ ఉద్యోగం ఇవ్వరు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నవ్వింది.

ఆమె వెళ్లిన మర్నాడు బీరువాలో మామగారి చొక్కా ఒకటి తక్కువైంది. నేను బట్టలు సర్దుతూ గమనించాను. అత్తగారికి చెప్పబోతే, "నీళ్లు కాగాయేమో చూడు" అన్నారు. ఇంక చెప్పలేదు.

ఇప్పుడు పార్సిళ్లు అడపాదడపా వస్తాయి. భుజం ఇంకా పీకుతుంది, కానీ ఫోన్లు మోగవు. నా పనికి నా రెండు చేతులూ మళ్లీ సరిపోతున్నాయి, లేదా దాదాపు సరిపోతున్నాయి. మధ్యాహ్నాలు అత్తగారు నా ఎదురుగా కూర్చుని కుట్లు విప్పి పెడతారు. ఆమె చెప్పి మొదలుపెట్టింది కాదు, నేను అడిగిందీ కాదు. ఒకరోజు వచ్చి బ్లేడు అందుకున్నారు, అంతే.

మొన్న ఒక పెట్టె వచ్చింది. తెల్ల చొక్కాలు, వాటితో ఒక్క చీటీ కూడా లేదు. పంపినవాళ్లు నిజంగానే కథ రాయలేదు.

"ఎవరివి?" అన్నారు అత్తగారు.

"తెలీదత్తయ్యా."

ఆమె ఒక చొక్కా తీసి వెలుతురుకి పట్టుకున్నారు. జేబు అడుగున పెద్ద సిరా మరక. రెండోది తీశారు, అక్కడా మరకే. మూడోది. నాలుగోది. అన్నిటికీ అదే చోట, ఎన్నో ఉతుకులకీ పోని మరక.

"పెన్నుకి మూత పెట్టడం రాని మనిషి" అన్నారు. "జీవితమంతా రాలేదు చూడు. ఆ ఇల్లాలు ఎంత మొత్తుకుని ఉంటుందో!"

ఆమె నవ్వుతున్నారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా, కళ్లల్లోంచి నీళ్లు కారేలా నవ్వుతున్నారు. నాకూ నవ్వొచ్చింది. మిషను ఆపి, ఇద్దరం ఆ ముక్కూమొహం తెలియని మనిషిని తలుచుకుని కడుపు పట్టుకుని నవ్వాం.

"ఆ మరకలు పారెయ్యకు అమ్మాయ్" అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "నడిమధ్యన వెయ్యి."